ల్యాబ్–షెపర్డ్ క్రాస్ కుక్క మీ ఇంట్లో ఇముడుతుందా? తెచ్చుకునే ముందు చూసుకోవాల్సినవి

ల్యాబ్రడార్ (ల్యాబ్)కీ జర్మన్ షెపర్డ్‌కీ పుట్టిన పిల్ల రెండో నెలలో ఒళ్లో పడుకుంటుంది. ఏడో నెల దాటేసరికి 20 కిలోల పైచిలుకు తూగుతూ, గేటు చప్పుడైతే చాలు ఎదురొచ్చినవాళ్లని తోసుకుంటూ పరుగెత్తుతుంది. పూర్తిగా ఎదిగాక 25 నుంచి 35 కిలోలు ఉంటుంది. ఒళ్లు ఏడాదిన్నరకల్లా ఎదిగిపోతుంది గానీ కుదురు రావడానికి రెండేళ్లు, ఒక్కోదానికి మూడేళ్లు పడుతుంది. "మా వల్ల కాదు" అని జనం చేతులెత్తేసేది ఈ మధ్యలోనే. మనుషుల్ని అంటిపెట్టుకుని ఉండే, చెప్పింది చప్పున పట్టేసే కుక్క ఇది. అయినా ఇంట్లో ఇమిడేదీ లేనిదీ తేల్చేది మీ రోజువారీ టైమ్‌టేబులే.

ముందు 14 రోజులు కుక్క లేకుండా చేసి చూడండి

పొద్దున 5:30కి లేచి 45 నిమిషాలు నడవండి. సాయంత్రం ఎండ దిగాక మళ్లీ 45 నిమిషాలు. రాత్రి భోజనాలయ్యాక 15 నిమిషాలు టీవీ, ఫోను పక్కన పెట్టి కూర్చోండి, అది ట్రైనింగ్ టైము. వాన పడినా, చుట్టాలొచ్చినా, ఆఫీసులో ఆలస్యమైనా ఆపొద్దు. ఎవరు చేస్తారో, వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఎవరు చేస్తారో పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. 14 రోజుల్లో మూడు కంటే ఎక్కువసార్లు తప్పితే ఈ కుక్క ఇప్పుడు వద్దు. ఆరేడేళ్ల వయసున్న నెమ్మదైన కుక్కను చూసుకోండి.

ఆ జాబితాలో పిల్లల పేర్లు రాయకండి. పదేళ్ల పిల్లాడు 30 కిలోల కుక్కను ఆపలేడు, పిల్లి కనబడిందంటే రోడ్డు మీద ఇద్దరూ పడతారు. లీష్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

పిల్లా, ఎదిగిన కుక్కా?

క్రాస్ కుక్కల్లో ఏ గుణం ఎటునుంచి వస్తుందో ముందుగా చెప్పలేం. ఒకే ఈతలో ఒకటి ల్యాబ్‌లా అందరి మీదా పడిపోతే, ఇంకొకటి షెపర్డ్‌లా కొత్తవాళ్లని అనుమానంగా చూస్తుంది. పిల్లనే తెచ్చుకునేట్టయితే తల్లిని చూడనిదే డబ్బు ఇవ్వకండి. తల్లి వణుకుతూ మూల దాక్కున్నా, పళ్లు చూపించినా వెనక్కి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనలే చెబుతున్నాయి. రెండు జాతులకీ తుంటి కీలు సమస్య ఉంది కాబట్టి తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి.

పిల్లలున్న ఇంటికి ఏడాదిన్నర, రెండేళ్లు నిండిన కుక్కే మంచిదని మా అభిప్రాయం. దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. దత్తత ఇచ్చే షెల్టర్లో దాన్ని మూడు వేర్వేరు రోజుల్లో చూడండి, 20 నిమిషాలు నడిపించండి. పది అడుగుల దూరంలో స్టీలు కంచం కింద పడేయండి. ఉలిక్కిపడినా ఫర్వాలేదు. కొన్ని సెకన్లలో తేరుకుని కంచం దగ్గరికి వచ్చి వాసన చూస్తే మంచి గుర్తు. నిమిషం దాటినా ముడుచుకునే ఉంటే దీపావళికీ, ఇంట్లో పిల్లల గోలకీ తట్టుకోలేదు.

అలసట కాళ్లకే కాదు, బుర్రకి కూడా

చాలామంది చేసే తప్పు అరగంట బంతి విసరడం. కుక్క రొప్పుతూ వస్తుంది, అలిసిందనుకుంటాం. నిజానికి అది రెచ్చిపోయి ఉంటుంది, ఇంటికొచ్చి చెప్పు నములుతుంది. పైగా గాల్లోకి ఎగిరి మలుపు తిరిగే ఆట కీళ్లకు చేటు. ఏడాదిన్నర లోపు బైక్ వెంట పరుగు, మెట్ల మీద పరుగు అసలే వద్దు, ఎముకలు ఇంకా ముదరవు.

నడకలో సగం సేపు దాని ముక్కుకి వదిలేయండి. ఐదు మీటర్ల తాడు కట్టి గడ్డిలో వాసన చూసుకోనివ్వండి. తిండి అంతా గిన్నెలో పోయకుండా, అందులో సగాన్ని పీచు డోర్‌మ్యాట్ మీద చల్లండి. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద తిండి గింజ పెట్టి వెతకమనండి. మొదట పంజాతో కొడుతుంది. చెయ్యి గ్లాసు మీద ఉంచి, ముక్కు ఆనించినప్పుడే పైకెత్తండి. నాలుగో రోజుకో ఐదో రోజుకో పంజా మానేసి ఒక్కో గ్లాసూ వాసన చూసుకుంటూ పోతుంది. పది నిమిషాల ఈ పని తర్వాత అది పడుకునే తీరు చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

పిల్లలతో

షెపర్డ్ మందను తోలే జాతి. పరుగెత్తే పిల్లల మడమల్ని పళ్లతో పట్టుకోవడం ఆ రక్తంలోనే ఉంది. అరిస్తే ఆట అనుకుంటుంది. పిల్లలు చెట్టులా ఆగిపోవాలి, చేతులు కట్టుకోవాలి. పెద్దవాళ్లు కుక్కని పిలిచి కూర్చోబెట్టి తాయిలం పెట్టాలి. అది తింటున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదని పిల్లలకి మొదటి రోజే చెప్పండి.

గుర్రుమనడం చివరి హెచ్చరిక. అంతకుముందే పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది, ఒళ్లు బిగదీస్తుంది. వీటిలో ఏది కనబడినా పిల్లల్ని దూరంగా పిలవండి. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. ఆరేళ్లలోపు పిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదలకండి. ఎప్పుడైనా పన్ను గాటు పడితే పసుపు, కారం పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఎండ, తిండి

వేసవిలో పొద్దున నడక 6:30లోపు ముగించాలి. అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కాలినట్టే. 30 కిలోల కుక్కకి రోజుకి రెండు లీటర్ల దాకా నీళ్లు కావాలి. నాలుక వెడల్పుగా వేలాడుతూ తూలుతుంటే ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, చల్లబడుతుండగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

చురుగ్గా తిరిగే 30 కిలోల కుక్కకి రోజుకి సుమారు 1,400 కేలరీలు, అంటే రెండు పూటలకీ కలిపి 400 గ్రాముల పొడి ఆహారం సరిపోతుంది. ఒక్క పెరుగన్నంతో పెంచితే కండ పట్టదు. ల్యాబ్ రక్తానికి ఆకలి ఎక్కువ. అడిగినప్పుడల్లా పెడితే ఒళ్లొచ్చి తుంటి దెబ్బతింటుంది. పక్కటెముకలు చేతికి తగలాలి. ఉల్లి, వెల్లుల్లి, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు పెట్టకూడదు.

ఒంటరిగా ఉంచడం

తెచ్చిన రెండో రోజు నుంచే మొదలుపెట్టండి. తాళం చెవులు తీసుకుని, తలుపు మూసి, 30 సెకన్లలో వెనక్కి రండి. ఊళపెట్టకపోతే రెండు నిమిషాలు, తర్వాత ఐదు, పది. వారం పది రోజుల్లో గంటకి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ముద్దులు, వచ్చినప్పుడు హడావిడి వద్దు. ఎదిగిన కుక్క నాలుగైదు గంటలు ఉండగలదు, అంతకు మించితే మధ్యాహ్నం ఒకరు వచ్చి తిప్పాలి. ఆ మనిషిని కుక్క రాకముందే మాట్లాడుకోండి.