పులి–మేక: పులులను కట్టే పద్ధతి

పులి–మేక ఆటలో పులులను కట్టడమంటే వాటిని కదలకుండా చుట్టుముట్టడం. పటానికి సుద్దముక్క చాలు. శిఖరం నుంచి నాలుగు గీతలు దించి, అడుగున అడ్డగీతతో కలపండి. మధ్యలో మరో మూడు అడ్డగీతలు గీయండి. వాటి కొసలు త్రికోణం దాటి రెండు పక్కలా బయటికి రావాలి. ఒక్కో పక్క ఆ మూడు కొసలను నిలువుగా కలపండి, ఇదే పక్క చట్రం. శిఖరం 1, మూడు వరసల్లో ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 కూడళ్లు. లెక్క తగ్గితే కింది కొసలు త్రికోణం అంచుకు తగిలినట్టే.

3 గులకరాళ్లు పులులు, 15 చింతపిక్కలు మేకలు. ఒక పులి శిఖరంలో, రెండు పులులు పై వరస నడిమి కూడళ్లలో. మేకలు వంతుకొకటి దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలదు. పులి పక్క కూడలికి నడుస్తుంది, లేదా పక్కనున్న మేక మీదుగా అదే గీతలో ఖాళీ కూడలికి దూకి దాన్ని చంపుతుంది. ఎన్ని మేకలు పోతే ఓటమో ఊరికో లెక్క, ముందే అనుకోండి.

కొత్తవాళ్లు పులి ఎదుటే మేకను దించి పోగొట్టుకుంటారు. మేక చావాలంటే దాని వెనక ఖాళీ ఉండాలి. పక్క చట్రం నాలుగు మూలలూ, అడుగు గీత రెండు కొసలూ ఏ గీతకూ నడుమ రావు. అక్కడ మేక చావదు. మొదటి ఆరూ అక్కడే దించండి. తర్వాత మూలల మధ్య చోట్లు, అడుగు గీత నడిమి రెండు, ఆపైన మూడో వరస. దించే ప్రతి మేకకూ, దాని మీదుగా పోయే ప్రతి గీతలోనూ ఒకవైపు తోడు మేక వెన్ను కాయాలి. పులి ముందే మూలలో కూర్చుంటే మంచిదే: దాన్ని కట్టడానికి నాలుగు మేకలు చాలు, పక్కన రెండు, వాటి వెనక రెండు. శిఖరంలో పులికైతే ఎనిమిది కావాలి. అందుకే పులులు ఆడేవాళ్లు మూలలకు పోకుండా, శిఖరాన్నీ నడిమి కూడళ్లనూ వదలకుండా తిరగాలి.

మేకలేవీ పోకుండా అన్నీ దిగితే 5 ఖాళీలు మిగులుతాయి. మేకల పక్షం ఎక్కువగా ఓడేది ఇక్కడే. ముందుకు జరిగిన మేక వదిలిన చోటే పులి దూకే చోటు అవుతుంది. ఎదుట అదే గీతలో పులి ఆనుకుని లేనప్పుడే జరపండి. మరుసటి వంతులో వెనక మేకను ఆ ఖాళీలోకి తెచ్చి నింపండి.