నిద్ర పట్టనివారు ముందుగా సరిచూసుకోవలసిన రాత్రి భోజనం

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని పేర్కొంది. మొదటి రెండింటికీ విడదీయరాని సంబంధం ఉంది కనుక, నిద్ర రావడం లేదని చూర్ణాల కోసం వెదకడానికి ముందు, రాత్రి ఏమి తింటున్నామో, ఎంత తింటున్నామో, ఎప్పుడు తింటున్నామో చూసుకోవాలి.

పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలి. కడుపులో సగం అన్నానికి, పావు ద్రవాలకు కేటాయించి, మిగిలిన పావు ఖాళీగా ఉంచమని మరో ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం చెబుతుంది. పెసరపప్పు పులగంలో చెంచాడు నెయ్యి, పక్కన బీరకాయ కూర ఉంటే రాత్రికి చాలు. వేపుళ్లు, ఆవకాయ, గడ్డ పెరుగు మధ్యాహ్నానికే ఉంచుకోవాలి. పెరుగన్నంతో గాని భోజనం పూర్తయినట్టు అనిపించని మనకు ఇది కష్టమే అయినా, రాత్రి పెరుగు తినకూడదన్న నియమం శాస్త్రంలో స్పష్టంగా ఉంది. అలాగని బరువు తగ్గాలని రాత్రి పూట పస్తు పడుకోవడమూ తగదు, ఎందుకంటే ఉపవాసం నిద్రను చెడగొడుతుందని కూడా చరకుడే చెప్పాడు.

నిద్ర రప్పించే వాటిలో చరకుడు శ్రేష్ఠమన్నది గేదె పాలను. అయితే అవి బరువైనవి, చలవచేసేవి. జఠరాగ్ని బలంగా ఉన్నవారికే సరిపడతాయి. అరుగుదల తక్కువగా ఉన్నవారు ఆవుపాలు తీసుకోవడం మేలు. జాజికాయను సానరాయి మీద రెండు మూడు చుట్లు మాత్రమే అరగదీసి, ఆ గంధాన్ని ఒక గ్లాసు గోరువెచ్చని పాలలో కలిపి, భోజనమైన గంట తరువాత తాగాలి. జాజికాయ మోతాదు మించితే విషలక్షణాలు కనిపిస్తాయి కనుక చిటికెడు దాటనివ్వకూడదు. మధుమేహం ఉన్నవారు పాలలో చక్కెర వేసుకోకూడదు.

పాలు తాగాక అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, మడమ నుంచి వేళ్ల వైపు నెమ్మదిగా మర్దన చేసుకోవాలి. ఆ తరువాత గుడ్డతో శుభ్రంగా తుడుచుకోకుండా నేల మీద అడుగు పెడితే జారిపడే ప్రమాదం ఉంది; పెద్దవయసు వారి విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

పగటి నిద్రను వేసవిలో తప్ప శాస్త్రం సాధారణంగా ఒప్పుకోదు గాని పిల్లలకు, వృద్ధులకు, రోగులకు మినహాయింపు ఇచ్చింది. అలవాటు లేని జాగరణ చేసినవారు, మేలుకున్న సమయంలో సగం సేపు మరునాడు ఉదయం ఏమీ తినకుండా నిద్రపోవాలని అష్టాంగ హృదయం రాసిన వాగ్భటుడు సూచించాడు. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గుర్తుంచుకోదగిన మాట ఇది: తెల్లవారుజామున ఇల్లు చేరి, ఇడ్లీలు కడుపునిండా తిని వెంటనే పడుకునే కన్నా ముందు నిద్రపోయి, లేచాక తినడం మంచిది.

పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ, వాడదలచినవారు వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి. గర్భిణులు దానిని వాడకూడదు. థైరాయిడ్ మందులు గాని నిద్రమాత్రలు గాని వేసుకునేవారు సొంతంగా ప్రయత్నించకూడదు. గట్టిగా గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు ఇంట్లోవారు గమనించినా, వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర కరువైనా ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి.