చలిదేశపు దుస్తులు – నాలుగవ పాఠం: బరువైన డౌన్ పార్కాను ఎంచుకోవడం

గత మూడు పాఠాల్లో ఒంటికి ఆనుకుని ఉండే లోపలి పొర గురించి, దానిపై వేసుకునే ఉన్ని లేదా ఫ్లీస్ పొర గురించి, తల, మెడ, చెవుల రక్షణ గురించి తెలుసుకున్నాం. ఈ పాఠం వాటన్నిటిపైన వేసుకునే బరువైన పార్కాకు, అంటే హుడ్ ఉన్న మందపాటి చలికోటుకు, సంబంధించినది. విన్నిపెగ్, సస్కటూన్, ఎడ్మంటన్, మినియాపొలిస్, ఫార్గో వంటి ఊళ్లకు చదువు కోసమో ఉద్యోగం కోసమో వెళ్లే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. డల్లాస్‌కో బే ఏరియాకో వెళ్లేవారికి ఇటువంటి కోటు అవసరమే లేదు. న్యూజెర్సీలో ఉండేవారికి ఇంతకంటే పలుచనిది సరిపోతుంది.

ముందుగా ఎంత చలిని ఎదుర్కోవాలో లెక్క వేసుకోవాలి. విన్నిపెగ్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొన్ని రోజులు మైనస్ 30 దాకా కూడా పడిపోతుంది. అయితే థర్మామీటరు చూపే అంకె ఒక్కటే చాలదు, ఎందుకంటే గాలి వీచినప్పుడు ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని గాలిపొర కొట్టుకుపోతుంది. దీన్ని లెక్కగట్టే విండ్ చిల్ సూత్రాన్ని కెనడా, అమెరికా దేశాలు 2001 నుంచి ఉమ్మడిగా వాడుతున్నాయి. దాని ప్రకారం మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే విండ్ చిల్ మైనస్ 33 అవుతుంది. అటువంటప్పుడు కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. అదే గాలి మైనస్ 30 డిగ్రీల్లో వీస్తే విండ్ చిల్ మైనస్ 46కు చేరుతుంది, వ్యవధి 5 నుంచి 10 నిమిషాలకు తగ్గిపోతుంది. బస్సు ఆలస్యమైతే అంతసేపు నిలబడవలసి రావడం అక్కడ మామూలే. కాబట్టి పార్కాను నడిచే మనిషి కోసం కాక కదలకుండా నిలబడే మనిషి కోసం ఎంచుకోవాలి. నడిచేవాడికి ఒంట్లోనే వేడి పుడుతుంది. నిలబడినవాడికి కోటే ఆధారం.

ఇక డౌన్ అంటే ఏమిటో చూద్దాం. గూస్ పక్షులకు, బాతులకు పైఈకల అడుగున, ముఖ్యంగా రొమ్ము భాగంలో, మెత్తని నూగు ఉంటుంది. దానికి ఈకకు ఉన్నట్లు గట్టి ఈనె ఉండదు. నడిమి బిందువు నుంచి అన్ని వైపులకూ సన్నని పోగులు విచ్చుకుని ఉంటాయి. ఆ పోగుల మధ్య గాలి కదలకుండా చిక్కుకుంటుంది. మనల్ని వెచ్చగా ఉంచేది అలా నిలిచిపోయిన ఆ గాలే తప్ప నూగు కాదు. ఎండలో వేసిన బూరుగుదూది దిండు ఎలా పొంగుతుందో, అణచివేత లేని చోట నూగు కూడా అలాగే పొంగుతుంది. ఆ పొంగు ఎంత ఉంటే కోటు అంత వెచ్చన.

పొంగును కొలిచే అంకెను ఫిల్ పవర్ అంటారు. ఒక ఔన్సు నూగును, అంటే సుమారు 28 గ్రాములను, గొట్టంలో వేసి పైన నిర్ణీతమైన బరువు ఉంచినప్పుడు అది ఎన్ని ఘనపుటంగుళాల చోటు ఆక్రమిస్తుందో ఆ అంకె చెబుతుంది. 550, 600 అంటే మధ్యరకం. 700 దాటితే మంచిది. 800, ఆపైన అంటే మేలురకం. దుకాణాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ అంకే, కొనేవారు మోసపోయేదీ ఇక్కడే. ఫిల్ పవర్ నూగు నాణ్యతను చెబుతుందే కాని కోటులో ఎంత నూగు నింపారో చెప్పదు. నింపిన నూగు బరువును ఫిల్ వెయిట్ అంటారు. ఈ రెండు అంకెలనూ గుణించినప్పుడే కోటు మొత్తం పొంగు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 800 ఫిల్ పవర్ నూగును 5 ఔన్సులు, అంటే దాదాపు 140 గ్రాములు నింపిన కోటు ఒకటి ఉందనుకోండి. దాని మొత్తం పొంగు 4,000 ఘనపుటంగుళాలు, మన కొలతల్లో సుమారు 65 లీటర్లు. దాని పక్కనే 625 ఫిల్ పవర్ నూగును 10 ఔన్సులు, అంటే దాదాపు 285 గ్రాములు నింపిన కోటు ఉంది. దీని పొంగు 6,250 ఘనపుటంగుళాలు, సుమారు 102 లీటర్లు. మొదటిది తేలికైనది, మడిస్తే చిన్న సంచిలో ఇమిడిపోతుంది, ధర కూడా తరచుగా ఎక్కువే. అయినా బస్టాపులో వెచ్చగా నిలబెట్టేది రెండవదే. వీపున మోసుకుని కొండలెక్కేవారికి తేలికదనం అవసరం కాబట్టి వారు 800కు డబ్బు పెట్టడంలో అర్థముంది. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లివచ్చే విద్యార్థికి 600, 650 నూగును దండిగా నింపిన కోటే తెలివైన కొనుగోలని నా అభిప్రాయం. మైనస్ 30 డిగ్రీల ఊళ్లలో తొడల మధ్య వరకు వచ్చే కోటుకు ఈ రకం నూగు 250 గ్రాములకు తగ్గకుండా చూసుకోమని చెబుతాను.

ఈ లెక్కకు ఒక సవరణ ఉంది. అదే బరువు నూగును నడుము వరకే ఉండే జాకెట్టులో నింపితే పొర మందంగా ఉంటుంది, పిక్కల వరకు వేలాడే కోటులో పరిస్తే పలుచబడుతుంది. అందుచేత రెండు కోట్లను పోల్చేటప్పుడు వాటి పొడవు, సైజు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఫిల్ వెయిట్ చీటీపై లేకపోతే తయారీదారు ఇచ్చే వివరాల్లో వెతకండి, అక్కడా లేకపోతే దుకాణంలో అడగండి. చీటీపై ఉండే “90/10” వంటి అంకెలు వేరే సంగతి చెబుతాయి: నింపినదానిలో 90 శాతం నూగు, 10 శాతం చిన్న ఈకలు అని. 80/20 కూడా పనికివస్తుంది. ఈకల పాలు అంతకంటే పెరిగితే వద్దనుకోవడమే మంచిది. ఇక “మైనస్ 40 వరకు” అని కోటు మీద రాసి ఉండే హామీలు చాలావరకు ఆయా కంపెనీలు సొంతంగా వేసుకున్న అంచనాలు. ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ అంకెతో పోల్చి నిర్ణయం తీసుకోకండి.

నూగు ఎంత మంచిదైనా దాన్ని పట్టి ఉంచే కుట్టు సరిగా లేకపోతే అడుగుకు జారిపోతుంది. 1922 ఎవరెస్టు యాత్రకు పర్వతారోహకుడు జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు నింపి కోటు కుట్టించుకున్నాడు, తోటివారు మొదట వింతగా చూసినా ఆ చలిలో అది బాగా పనిచేసింది. అమెరికాలో ఎడ్డీ బావర్ అనే వ్యాపారి నూగును అరలు అరలుగా కుట్టి నిలిపే డౌన్ జాకెట్టుకు 1940లో పేటెంటు పొందాడు. అరలు కుట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిదానిలో బయటి గుడ్డను, లోపలి గుడ్డను కలిపి ఒకే దారంతో కుట్టేస్తారు; ఇది చవక, కాని కుట్టు పడిన ప్రతి గీత దగ్గరా నూగు మందం సున్నా అవుతుంది, చలి ఆ గీతల వెంటే లోపలికి వస్తుంది. రెండవదానిలో రెండు గుడ్డల మధ్య సన్నని గుడ్డ గోడలు నిలబెట్టి పెట్టెల్లాంటి అరలు చేస్తారు, కాబట్టి నూగు ఎక్కడా పూర్తిగా అణగదు. మరికొన్ని పార్కాల్లో కలిపి కుట్టిన అరలను లోపల ఉంచి, పైన కుట్లు లేని దళసరి గుడ్డను కప్పుతారు. గాలి ఆ పైగుడ్డ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఊళ్లో వాడకానికి ఈ ఏర్పాటు బాగుంటుంది.

దుకాణంలో పరీక్షించే తీరు ఇది. కోటును కొక్కెం మీద నుంచి తీసి, ఒకసారి గట్టిగా దులిపి, బల్ల మీద పరచండి. ఒక అరను అరచేత్తో అణచి వదలండి. మంచి నూగు చేయి తీసిన వెంటనే లేస్తుంది, నాసిరకంలో చేతి గుర్తు కాసేపు గుంటగా మిగిలిపోతుంది. తరువాత భుజాల మీద, మోచేతుల దగ్గర, హుడ్ పైభాగంలో బొటనవేలు, చూపుడువేలు మధ్య గుడ్డను పట్టి చూడండి. రెండు గుడ్డలు ఒకదానికొకటి తగులుతుంటే అక్కడ నూగు లేదన్నమాట. బరువైన సంచి పట్టీలు భుజాల మీదే ఆనుతాయి కాబట్టి ఆ చోట మందం ఎక్కువ అవసరం. పలుచని గుడ్డ అయితే దీపానికి ఎదురుగా పట్టండి, ఖాళీ చోట్లు వెలుతురుగా కనిపిస్తాయి. చివరగా అరల వెంట వేళ్లను నెమ్మదిగా పోనివ్వండి. పుల్లల్లాంటి ఈనెలు అడుగడుగునా గుచ్చుకుంటుంటే చీటీపై 90/10 అని ఉన్నా నమ్మనక్కర లేదు.

వేసుకుని చూసేటప్పుడు లోపల మందపాటి స్వెట్టరు తప్పకుండా ఉండాలి. జిప్పు పైదాకా వేసి చేతులు రెండూ పైకెత్తండి, ముందుకు చాచండి, కుర్చీలో కూర్చోండి. వీపు దగ్గర బిగిస్తే నూగు అణిగి వెచ్చదనం పోతుంది. అలాగని రెండు సైజులు పెద్దది కొంటే అడుగున ఖాళీ మిగిలి, అడుగు వేసినప్పుడల్లా వెచ్చని గాలి బయటికి, చల్లని గాలి లోపలికి పోతుంటుంది. నడుము దగ్గర లోపలి తాడు ఉంటే ఆ రాకపోకలను అది ఆపుతుంది.

హుడ్ విషయంలో రాజీ పడకండి. టోపీ పెట్టుకున్నా పట్టేంత లోతుగా ఉండాలి, ముఖం ముందుకు గొట్టంలా సాగాలి, తల తిప్పినప్పుడు దానితోపాటు తిరగాలి. అంచున ఉండే బొచ్చు అలంకారం కోసం కాదు. గాలి నేరుగా ముఖానికి తగలకుండా అది చెదరగొడుతుంది. జంతువుల బొచ్చు ఇష్టం లేనివారికి కృత్రిమ బొచ్చుతో చేసినవి సులభంగానే దొరుకుతాయి. చేతుల చివర లోపలి వైపు సాగే అల్లిక పట్టీ ఉండాలి. జిప్పు పళ్లు పెద్దవిగా, చేతి తొడుగులతో కూడా లాగగలిగేలా ఉండాలి, దాన్ని కప్పే గుడ్డ పట్టీ తప్పనిసరి. కింది నుంచి కూడా తెరుచుకునే రెండు వైపుల జిప్పు ఉంటే బస్సులో కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది. రంగు మీ ఇష్టం, కాని చలికాలంలో అక్కడ సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది కాబట్టి రోడ్డు దాటేటప్పుడు డ్రైవర్లకు కనిపించే రంగు మేలు.

నూగుకు పెద్ద శత్రువు తడి. తడిసిన నూగు ముద్దకట్టి పొంగును కోల్పోతుంది. మైనస్ 15 కంటే తక్కువలో పడే మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది, కనుక విన్నిపెగ్ వంటి ప్రేరీ (గడ్డిమైదానపు) ఊళ్లలో పూర్తి వాటర్‌ప్రూఫ్ గుడ్డ కోసం అదనపు డబ్బు పెట్టనక్కర లేదు. గాలిని ఆపే దగ్గరి నేత చాలు. వాంకూవర్, సియాటిల్, లండన్ వంటి వానచలి ఊళ్లకు బరువైన డౌన్ పార్కా తగదు, అక్కడ సింథటిక్ దూది నింపిన జాకెట్టు, పైన వాన కోటు మంచి జత. పక్షుల నూగు వాడడం మనసుకు ఒప్పనివారు కూడా సింథటిక్‌నే ఎంచుకోవచ్చు. అంతే వెచ్చదనానికి బరువు, లావు కొంత పెరుగుతాయి, అంతకుమించి భయపడవలసింది లేదు. నూగు కావాలి గాని బతికున్న పక్షి నుంచి పీకినది వద్దనుకునేవారు రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ ముద్ర ఉన్న కోటును వెతకాలి.

ఎప్పుడు కొనాలన్నది మీ ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. ఆగస్టులో దిగేవారు హైదరాబాదులోనో విజయవాడలోనో తొందరపడి కొనవద్దు. అక్కడికి చేరాక అక్టోబరులోగా, వేసుకుని చూసి కొనుక్కోవచ్చు. జనవరిలో దిగేవారికి విమానాశ్రయం తలుపు దాటగానే చలి ఎదురవుతుంది కాబట్టి పార్కా ముందే ఉండాలి. ఆ ఊళ్లో ఉన్న సీనియరు ఒకరి చేత కొనిపించి విమానాశ్రయానికి తెప్పించుకోవడం ఉత్తమం. అది కుదరకపోతే ఉన్నంతలో మందపు జాకెట్టును సూట్‌కేసులో కాక చేతిసంచిలో పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ధరలు బాగా తగ్గుతాయి, రెండవ కోటును అప్పుడు కొనుక్కోండి. పాత బట్టల దుకాణాల్లో కొనేవారు అరల్లో గడ్డలు, ముక్కవాసన లేవని చూసుకోవాలి.

చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కారు సీటులో పిల్లలను కూర్చోబెట్టేటప్పుడు పార్కా విప్పి, బెల్టు బిగించి, ఆ పైన కోటును దుప్పటిలా కప్పాలి. లావు కోటు మీద బిగించిన బెల్టు ప్రమాద సమయంలో వదులైపోతుంది.

అభ్యాసం: ఈ మూడు కోట్లలో మైనస్ 30 డిగ్రీల ఊరికి ఏది తగినదో లెక్క వేసి, కారణాలు రాయండి. మొదటిది 750 ఫిల్ పవర్, 6 ఔన్సుల నూగు, నడుము వరకు పొడవు. రెండవది 600 ఫిల్ పవర్, 9 ఔన్సుల నూగు, తొడల మధ్య వరకు పొడవు, పెట్టె అరలు. మూడవది 650 ఫిల్ పవర్, పిక్కల వరకు పొడవు, రెండు గుడ్డలూ కలిపి కుట్టినది, నూగు బరువు చెప్పలేదు. మూడవదాని గురించి దుకాణదారును ఏమేమి అడగాలో కూడా రాయండి. జవాబులు, వాటితోపాటు పార్కాను ఉతికి ఆరబెట్టే పద్ధతి, అయిదవ పాఠంలో.