లిక్విడ్ నైట్రోజన్‌తోనే నెమాటిసిటీ కొలవడం: పీజో మీద సాంపుల్ అంటించే దగ్గర్నుంచి లెక్క దాకా

తిరుపతిలో, చిత్తూరులో ఇంకా బాగా చల్లబరిచే లిక్విడ్ హీలియం అందని కాలేజీ ల్యాబుల్లోనూ ఈ ప్రయోగం చేయొచ్చు. ఐరన్ సెలినైడ్‌లో నెమాటిక్ మార్పు 90 కెల్విన్ దగ్గర, సీజియం వెనేడియం యాంటిమనీలో ఛార్జ్ డెన్సిటీ వేవ్ (ఎలక్ట్రాన్ల సాంద్రత అలలా హెచ్చుతగ్గులు కావడం) 94 దగ్గర వస్తాయి. లిక్విడ్ నైట్రోజన్‌తో 77 దాకా దిగొచ్చు. క్రిస్టల్స్ మాత్రం వాటిని పెంచే గ్రూపుల నుంచి తెప్పించుకోవాలి.

క్రిస్టల్‌లో అడ్డం, నిలువు రెండూ సమానమే అయినా ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకే మొగ్గడం నెమాటిసిటీ. ఆ మొగ్గు రాకముందే సాంపుల్‌ను కొద్దిగా సాగదీసి, రెండు దిక్కుల రెసిస్టెన్సుల్లో ఎంత తేడా వస్తుందో చూస్తాం. చల్లబడే కొద్దీ ఆ స్పందన విపరీతంగా పెరిగితే, మార్పుకు ఎలక్ట్రాన్లే కారణమని చెప్పొచ్చు. 2012లో బేరియం ఐరన్ ఆర్సెనైడ్ విషయం తేలింది ఈ పద్ధతిలోనే.

కావాల్సినవి: 150 వోల్టుల పీజో స్టాక్ (వోల్టేజ్ ఇస్తే సాగే దిమ్మ), స్ట్రెయిన్ అంటే ఎంత వంతు సాగిందో కొలిచే 350 ఓమ్ స్ట్రెయిన్ గేజ్‌లు రెండు, ఐదు నిమిషాల ఎపాక్సీ, 25 మైక్రాన్ల బంగారు తీగ, గది వేడికే ఆరే సిల్వర్ పేస్ట్, చిన్న సిగ్నల్‌ను నాయిస్‌లోంచి వేరుచేసి కొలిచే లాక్-ఇన్ యాంప్లిఫయర్.

ముందు దిక్కులు. క్రిస్టల్ అంచుల్ని నమ్మొద్దు, ఎక్స్-రేలతో దిక్కులు చూపించే లావే ఫోటో తీయండి. ఐరన్ సెలినైడ్‌లో టెట్రాగోనల్ (చదరపు అడుగున్న) యూనిట్ సెల్ [110] దిక్కు, అంటే చదరం మూల నుంచి మూలకు వెళ్లే దిక్కు, పీజో పొడవు వెంట ఉండాలి. ఒకే క్రిస్టల్ నుంచి సుమారు 1.5 మి.మీ. పొడవు, 0.4 మి.మీ. వెడల్పు ఉన్న ముక్కలు రెండు కోసి, ఒకటి పీజో పొడవు వెంట, ఇంకొకటి దానికి అడ్డంగా అంటించాలి. సరిచూసుకోవడానికి [100], అంటే చదరం అంచు వెంట కోసిన జత ఇంకొకటి కావాలి. అసలు జత 10 డిగ్రీలు పక్కకు పోతే సిగ్నల్‌లో 12 శాతం పోతుంది, అంతే. సరిచూసే జత 10 డిగ్రీలు తప్పితే మాత్రం అదే 12 శాతం అందులోకి దొంగచాటుగా వచ్చి చేరుతుంది. అసలు గుణకం (రెసిస్టెన్స్ మారిన వంతు స్ట్రెయిన్‌కు ఎన్ని రెట్లో చెప్పేది) 100 అయితే, దాదాపు సున్నా రావాల్సిన చోట 12 కనిపిస్తుంది. కాబట్టి ఎక్కువ జాగ్రత్త ఈ రెండో జతకే.

ఎక్కువ ప్రయోగాలు పాడయ్యేది మందం దగ్గర. టేపుతో పొరలు తీస్తూ 30 మైక్రాన్లకు తేవాలి. 100 మైక్రాన్లు ఉంటే కింది భాగమే సాగుతుంది, పైభాగం కదలదు. గేజ్ చూపించే స్ట్రెయిన్ సాంపుల్‌కు అందదు, గుణకం తక్కువొస్తుంది. ఎపాక్సీని సూదిమొనతో పలచగా, సాంపుల్ అడుగంతా పట్టేలా రాయండి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది చెప్పిన టైము కంటే ముందే బిగుసుకుంటుంది, అందుకే కొద్దికొద్దిగా కలుపుకోవాలి. సాంపుల్‌ను పీజోకు అంటించిన తర్వాతే దానికి వైర్లు పెట్టండి. వేడి చేస్తే గట్టిపడే పేస్ట్ వాడితే కింద ఎపాక్సీ మెత్తబడుతుంది.

గేజ్‌లు పీజో అవతలి ముఖం మీద, ఒకటి పొడవునా ఒకటి అడ్డంగా ఉండాలి. వోల్టేజ్‌ను బట్టి స్ట్రెయిన్ లెక్క కట్టొద్దు. పీజోకు హిస్టెరిసిస్ ఉంది, వెళ్లేటప్పుడొకటి వచ్చేటప్పుడొకటి చూపిస్తుంది. పదివేలలో ఒక వంతు స్ట్రెయిన్‌కు 350 ఓమ్ గేజ్ 0.07 ఓమ్ మారుతుంది. సాంపుల్ 0.2 ఓమ్, కరెంట్ 1 మిల్లీఆంప్, గుణకం 100 అనుకుంటే సిగ్నల్ సుమారు 2 మైక్రోవోల్టులు. లాక్-ఇన్‌కు ఇది కష్టమేమీ కాదు.

నవంబర్ ముసురు రోజుల్లో పీజోను బయట గాలిలో వోల్టేజ్ మీద వదిలేయకండి, తేమకు ఇన్సులేషన్ దెబ్బతింటుంది. సాంపుల్ గదిని వ్యాక్యూమ్ చేశాకే చల్లబరచాలి. గది ఉష్ణోగ్రతలో మైనస్ 30 వోల్టులు దాటితే పీజో పోలింగ్ (తయారీలో దానికి ఇచ్చిన విద్యుత్ దిశ) చెడిపోతుంది. బాగా చల్లబడ్డాక మైనస్ 50 దాకా వెళ్లొచ్చు.

ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా నిలకడ వచ్చేదాకా ఆగి, సెకనుకు 1 వోల్టు చొప్పున మూడు లూపులు తిప్పండి. త్వరగా తిప్పితే పీజో వేడెక్కి, ఆ వేడికి మారిన రెసిస్టెన్స్ కూడా స్ట్రెయిన్ ఖాతాలో పడుతుంది. ఒక్కో ముక్క రెసిస్టెన్స్ మార్పును దాని అసలు రెసిస్టెన్స్‌తో భాగించి, రెండు ముక్కలకూ వచ్చిన ఆ మార్పుల తేడాను రెండు గేజ్‌ల తేడాతో భాగిస్తే నెమాటిక్ వాటా వస్తుంది. మార్పుల మొత్తాన్ని గేజ్‌ల మొత్తంతో భాగిస్తే సమ వాటా (రెండు దిక్కుల్లోనూ ఒకేలా ఉండే స్పందన) వస్తుంది. రెండూ పక్కపక్కనే గీయండి. క్యూరీ-వైస్ ఫిట్ (ఒక ఉష్ణోగ్రతకు దగ్గరయ్యే కొద్దీ స్పందన విపరీతంగా పెరిగే సూత్రంతో సరిపోల్చడం) 90కి పైనే చేయాలి. కిందికి పోతే డొమైన్ల (వేర్వేరు దిక్కులకు మొగ్గిన ప్రాంతాల) కదలిక కలుస్తుంది. ఫిట్‌లో వచ్చే ఉష్ణోగ్రత 90 కంటే తక్కువ రావడం సహజం, ఎందుకంటే లాటిస్ (అణువుల అమరిక) తోడవడంతో అసలు మార్పు ముందే వచ్చేస్తుంది.

సీజియం వెనేడియం యాంటిమనీతో మరీ జాగ్రత్త. స్ట్రెయిన్‌తో ఛార్జ్ డెన్సిటీ వేవ్ ఉష్ణోగ్రతే పక్కకు జరుగుతుంది కాబట్టి, 94 దగ్గర రెసిస్టెన్స్ నిట్టనిలువుగా మారేచోట ఏ నెమాటిసిటీ లేకున్నా పెద్ద స్పందన కనిపిస్తుంది. 2022లో ఈ పదార్థంలో నెమాటిసిటీ ఉందని ప్రచురించారు. తర్వాత వాటాలు విడదీసి కొలిచిన గ్రూపులకు సమ వాటాయే ప్రధానంగా కనిపించింది. షట్కోణ క్రిస్టల్ కాబట్టి [100] లాంటి సరిచూసే దిక్కు ఇక్కడ దొరకదు. అడ్డం ముక్క లేకుండా నిలువు ముక్క ఒక్కటే కొలిచి నెమాటిసిటీ అని రాయొద్దు. 90 నుంచి 98 దాకా అర కెల్విన్ మెట్లతో వెళ్లి, సమ వాటాను రెసిస్టెన్స్ వాలు పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేచోట ఎగబాకితే అది ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత పక్కకు జరగడం వల్ల వచ్చిన స్పందనే.