గేమ్ రివ్యూ రాయడం నేర్చుకుందాం, 3వ పాఠం: "పర్లేదు" అనిపించిన ఆట మీద ఏం రాయాల

పోయిన రెండు పాఠాల్లో ఆడేటప్పుడు పక్కన నోటుబుక్కు పెట్టుకోవడం, నచ్చిన ఆట ఎందుకు నచ్చిందో రాయడం చూసినాం. ఈసారి అసలు కష్టమైన పని. శానా బాగున్న ఆట మీద ఎవరైనా రాస్తారు, శానా దరిద్రంగా ఉన్న ఆట మీద ఇంకా హుషారుగా రాస్తారు, కానీ మధ్యలో కొన్ని ఉంటాయి చూడండి, ఆడతా ఉన్నంతసేపు మరీ విసుగు రాదు, ఆపేస్తే మళ్ళీ తెరవాలనిపించదు, రెండు నెలలు పోతే కథేందో కూడా గుర్తుండదు, అట్లాంటి వాటి మీద రాయమంటే అందరికీ చెయ్యి ఆగిపోతాది. రివ్యూ రాసేవాళ్ళ పనితనం తెలిసేది ఈడనే.

మీరు రాసి పంపినవన్నీ చదివినా. అనంతపురం టౌన్ నుంచి, గుత్తి నుంచి, తాడిపత్రి నుంచి వచ్చినాయి, సంతోషం. కానీ శానా వాటిల్లో ఒకటే వాక్యం: "గేమ్ వేస్ట్, గ్రాఫిక్స్ బాలేవు, డబ్బులు దండగ." ఒక తమ్ముడైతే ఫోన్ చేసి "అన్నా, బాలేదంటే బాలేదు అంతే కదా, ఇంకేం రాయాల" అని అడిగినాడు. అడగడం మంచిదే, దానికే ఈ పాఠం మొత్తం జవాబు.

సప్తగిరి సర్కిల్ దగ్గర పొద్దున్నే బండి మీద ఉగ్గాని తిన్నామనుకోండి, బాగాలేకపోతే మనం "వేస్ట్" అని ఊరుకోం. బొరుగులు ఎక్కువ నానినాయి, పప్పుల పొడి తక్కువ పడింది, బజ్జీ పాత నూనెలో వేసినాడు అని టక్కున చెప్పేస్తాం. ఏ వస్తువు, ఎంత, ఎట్ల తేడా కొట్టిందో నాలుకకి తెలుసు. ఆట దగ్గర కూడా ఆ తెలివే కావాల. "బాలేదు" అనేది మీకు కలిగిన ఫీలింగ్, అది నిజమే, కానీ చదివేవాళ్ళకి దాంతో పని లేదు. ఏది బాలేదు, ఏ చోట మొదలైంది, దానికి కారణం ఏంది, ఈ మూడు చెప్తే అప్పుడు అది అభిప్రాయం అవుతాది.

ముందు ఒకటి విడదీసుకోండి. చెడిపోయిన ఆట వేరు, సాదా ఆట వేరు, నిరాశపెట్టిన ఆట వేరు. మూడింటినీ ఒకే తిట్టుతో తిడితే మూడూ తప్పే. సైబర్‌పంక్ 2077 చూడండి, 2020 డిసెంబర్ 10న వచ్చింది, పాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో క్రాష్‌లు, బగ్‌లతో ఆడలేని పరిస్థితి, వారం తిరిగేసరికి సోనీ వాళ్ళే తమ స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వెనక్కిచ్చినారు. అది చెడిపోయి వచ్చిన ఆట, సాదా ఆట కాదు, కథ, ఊరు, మనుషులు అన్నీ లోపల ఉన్నాయి. అందుకే 2023లో 2.0 అప్‌డేట్ వచ్చినాక అదే ఆటని జనం మెచ్చుకున్నారు. చెడిపోయినదాన్ని రిపేర్ చేయొచ్చు. సాదా ఆటకి రిపేర్ ఉండదు, ఎందుకంటే దాంట్లో ఏదీ విరగలేదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఇంక నిరాశ సంగతి. దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని నిషేధించినారు. రెండు రోజులకే, 4వ తేదీన, బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ గేమ్స్ తీస్తున్న ఫౌ-జీ గురించి అక్షయ్ కుమార్ ట్విట్టర్‌లో ప్రకటించినాడు. హాస్టల్ రూముల్లో, ఊర్లలో అరుగుల మీద స్క్వాడ్ కట్టి ఆడిన పిల్లోళ్ళంతా పబ్జీ బదులు ఇదే వస్తాందని ఫిక్స్ అయిపోయినారు. 2021 జనవరి 26న ఆట వచ్చింది. తెరిస్తే గల్వాన్ లోయ, ఒక్క సైనికుడు, చేతుల్తో, దొరికిన ఆయుధంతో కొట్లాట, తుపాకి లేదు, ఫ్రెండ్స్‌తో కలిసి ఆడే మోడ్ లేదు. ఆ రోజుల్లో రేటింగ్‌లు ఎట్ల పడిపోయినాయో చూసినోళ్ళకి గుర్తుంటాది.

ఇప్పుడు దీని మీద రివ్యూ రాయాలనుకోండి. మొదటి పద్ధతి ఇది. నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత కొట్టండి. ఒకపక్క వాళ్ళు చెప్పింది, ఇంకోపక్క మనం ఊహించుకుంది. 2020 దసరాకి వదిలిన టీజర్‌లోనే గల్వాన్, చేతుల కొట్లాట కనపడినాయి. అంటే "బ్యాటిల్ రాయల్ (పబ్జీ లాగ చివరిదాకా మిగిలినోళ్ళే గెలిచే ఆట) లేదు" అనేది మన ఊహ పక్కకి పోతాది, అది ఆట తప్పు కింద రాయకూడదు. ప్రకటన చేసిన టైమే అట్లాంటి ఆశ పుట్టించింది అని ఒక్క వాక్యం రాయొచ్చు, రాయాల కూడా, అది న్యాయమైన మాటే. ఆ తర్వాత అసలు పని: ఇది కొట్లాట ఆట అనే ఒప్పుకొని, కొట్లాట ఆటగా ఎట్లుంది? ఈడ గట్టిగా రాయండి. శత్రువులు దాదాపు ఒకే తీరుగా వస్తారు, అవే దెబ్బలు, కొంచెం నడక, హెల్త్ తగ్గితే మంట పక్కన ఆగడం, మళ్ళీ అదే. రెండో కొట్లాటకీ పదో కొట్లాటకీ ఆడేవాళ్ళు కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. ఇది విమర్శ. దీన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే తెరిచి చూస్తే కనపడతాది. దేశం పేరు, సైనికుల పేరు ఉంది కాబట్టి గట్టిగా రాయకూడదేమో అని ఒక చెల్లెలు అడిగింది. సైనికుల మీద గౌరవం వేరే, ఆట నాణ్యత వేరే, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, మొహమాటం లేకుండా రాయండి.

రెండో పద్ధతి నాకు శానా ఇష్టమైనది, చిన్న వస్తువు పట్టుకోవడం. మన నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి జీటీఏ ఆటలు వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ ఆడి పెరిగినోళ్ళు ఇది చదివేవాళ్ళలో ఉంటారు. 2021 నవంబర్‌లో జీటీఏ 3తో కలిపి ఆ పాత మూడు జీటీఏలని కొత్త రంగులేసి డెఫినిటివ్ ఎడిషన్ అని అమ్మినారు. దాని మీద వచ్చిన విమర్శల్లో "గ్రాఫిక్స్ చెత్త" అన్నవి ఎవరికీ గుర్తులేవు. గుర్తుండిపోయింది ఒక నట్టు. శాన్ ఆండ్రియాస్‌లో డోనట్లు అమ్మే ఒక షాపు మీద పెద్ద నట్టు బొమ్మ ఉంటాది, బోల్టుకి బిగిస్తాం కదా, ఆ ఆరు మూలల నట్టు, షాపు పేరులోనే ఆ నట్టు ఉంది. కొత్త ఎడిషన్‌లో మూలలన్నీ నున్నగా అయిపోయి అది గుండ్రంగా తయారైంది. ఆ ఒక్క బొమ్మ చూస్తే చాలు, పాత వస్తువులని పట్టుకొని వరసగా నున్నగా చేసుకుంటా పోయినారు, ఆ వస్తువు అక్కడ ఎందుకుందో ఆలోచించినోళ్ళు లేరు అని అర్థమైపోతాది. వానేమో తెల్ల గీతలుగా పడి ముందర రోడ్డే కనపడకుండా చేసింది. పాత ఆటలో దూరంలో ఉండే మసక తీసేసరికి అంత పెద్ద రాష్ట్రం అనుకున్నది కొండెక్కి చూస్తే ఇంతేనా అనిపించింది. రాక్‌స్టార్ కంపెనీ, అంటే ఆ ఆటల సొంతదారులే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మీ రివ్యూలో కూడా ఇట్లాంటి నట్టు ఒకటి వెతకండి. పది విశేషణాలు రాసే బదులు ఒక్క వస్తువు చూపించి, దాని వెనక ఏం జరిగి ఉంటాదో చెప్పండి.

ఇంకో సంగతి ఈడనే చెప్పేస్తా, ఆ జీటీఏకే 2024 నవంబర్‌లో పెద్ద అప్‌డేట్ ఇచ్చి పాత వెలుతురు, ఆకాశం రంగులు వెనక్కి తెచ్చినారు. కాబట్టి ఎప్పుడు ఆడినారో, ఏ వెర్షనో, ఏ మెషీన్ మీదనో పైనే రాసేయండి. మెషీన్ సంగతి ఇంకా ముఖ్యం. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ల్యాగ్ కొడతాంది అని ఆటకి మార్కులు తీసేయడం అన్యాయం, ముందు స్టోర్ పేజీలో వాళ్ళు అడిగిన మినిమం ఉందో లేదో చూసుకోండి, ఉండి కూడా ల్యాగ్ అయితే అప్పుడు రాయండి.

సాదా ఆటకి మూడో పద్ధతి, ఒక ప్రశ్న వేసుకోవడం: ఈ ఆటలో నాకు ఏం చేయాలని చేతులు పీకుతాన్నాయి, అది చేయనిస్తాందా? ఉబిసాఫ్ట్ వాళ్ళ స్కల్ అండ్ బోన్స్ మీద ఈ ప్రశ్న పెట్టి చూడండి. 2017లో ప్రకటించినారు, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. సముద్రపు దొంగల ఆట, ఓడ ఉంటాది, ఫిరంగులు ఉంటాయి, ఫిరంగి యుద్ధం నిజంగానే పర్లేదు. కానీ దొంగ అన్నాక అవతలి ఓడ మీదికి దూకి కత్తి తీయాల కదా. అదే కంపెనీ 2013లో తెచ్చిన అసాసిన్స్ క్రీడ్ బ్లాక్ ఫ్లాగ్‌లో తాడు పట్టుకొని దూకి డెక్కు మీద కొట్లాడేవాళ్ళం. ఇందులో ఆ ఘట్టం చిన్న వీడియో లాగ వచ్చి పోతాది, ఆట వచ్చినప్పుడు ఒడ్డుకి దిగితే తిరగడం, సరుకు అమ్మడం కొనడం తప్ప కత్తి దూసే పనే ఉండలేదు. భారీ ఖర్చుతో తీసే ఆటలని మూడు ఏల (AAA) ఆటలంటారు, వాళ్ళ కంపెనీ పెద్దాయనేమో దీన్ని దానికంటే పైన, నాలుగు ఏల స్థాయి ఆట అన్నాడు. 2013లో చేతిలో పెట్టినదాన్ని 2024లో తీసేసినారు, సాదా అనిపించడానికి కారణం అదే, ఈ ఒక్క పేరా రాస్తే రివ్యూ నిలబడతాది.

సోనీ వాళ్ళ కాంకర్డ్, టీమ్ కట్టి కాల్చుకునే ఆన్లైన్ ఆట, దాని గురించి రెండు ముక్కలు. 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూసేసినారు, కొన్నోళ్ళకి డబ్బులు వెనక్కిచ్చినారు. కాల్పులు బాగానే ఉండినాయి, చెడిపోలేదు. కానీ అదే రకం ఆటలు ఓవర్‌వాచ్ 2, వాలరెంట్ ఫ్రీగా దొరుకుతాంటే దీనికి 40 డాలర్లు పెట్టినారు, ఎందుకు ఇదే ఆడాల అనేదానికి జవాబు లేదు. ధర కూడా విమర్శలో భాగమే అని మర్చిపోవద్దండి, మన దగ్గర ఒక పెద్ద ఆట రేటు అంటే ఒక విద్యార్థికి నెల మెస్ బిల్లు మీద ప్రభావం చూపించే డబ్బు.

మంచి చెడు కలిసి ఉన్నప్పుడు ఎట్ల? పూణే నోడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ళ "రాజీ" అనే ఆట 2020లో వచ్చింది. చిన్న టీమ్. బొమ్మలు, గోడల మీద చిత్రాలు, తోలుబొమ్మల తీరులో చెప్పిన కథలు శానా అందంగా ఉంటాయి, కొట్లాట మాత్రం కొంచెం సేపటికే ఒకే తీరుగా అనిపిస్తాది, కథేమో ఇంకా ఉందనుకునేలోపు టక్కున ఆగిపోతాది. ఇట్లాంటప్పుడు "బొమ్మలు బాగున్నాయి, ఆట బాలేదు, మొత్తానికి పర్లేదు" అని సర్దేస్తారు. అట్ల సర్దొద్దు. ఏది మీ చేతుల్లో ఎక్కువసేపు ఉంటాదో దానికే బరువు ఎక్కువ. రెండు నిమిషాల అందమైన బొమ్మల కథ, ఇరవై నిమిషాల విసుగు కొట్లాట అయితే ఆ లెక్క అట్లనే రాయండి. మన దేశపు ఆట అని మార్కులు కలపొద్దు, మన దేశపు ఆట అని తగ్గించొద్దు.

మార్కుల సంగతి చివర్న చూసుకోండి, రాయడం అయినాకనే. మెటాక్రిటిక్ అంటే రివ్యూల మార్కులు కలిపి చూపించే సైటు, స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్లైన్ స్టోరు. మెటాక్రిటిక్‌లో 50 నుంచి 74 దాకా పసుపు రంగు, స్టీమ్‌లో నూటికి 40 నుంచి 69 మంది బాగుందంటే మిక్స్‌డ్ అని వస్తాది, మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న ఆటలు శానా వరకు ఈ అంకెల మధ్యలోనే తిరుగుతాంటాయి. ముందే అంకె చూస్తే మీ రాత దానికి తగ్గట్టు వంగిపోతాది, కాబట్టి చూడకండి.

ఇప్పుడు మీలో శానా మంది పంపిన ఆ వాక్యాన్నే మార్చి చూపిస్తా. "గేమ్ వేస్ట్, గ్రాఫిక్స్ బాలేవు" అన్న దాని బదులు ఇట్ల: "మొదటి గంట కొత్త తుపాకులు దొరుకుతా ఉంటే హుషారుగా ఉండింది. మూడో లెవెల్ నుంచి శత్రువులు అవే తలుపుల్లోంచి అదే వరసలో వస్తాన్నారు, నేను కళ్ళు తీసి పక్కకి చూసినా గెలుస్తాన్నా. గోడలు, చెట్లు మొదటి లెవెల్‌వే, రంగు మార్చినారు అంతే." చూడండి, తిట్టు ఒక్కటి లేదు, కొనాలా వద్దా చదివేవాళ్ళకి తెలిసిపోయింది.

ఈ వారం పని. మీరు సగంలో వదిలేసిన ఆట ఒకటి తీయండి, కొత్తది కొనొద్దు. స్టీమ్‌లో కొన్నా 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడింటే రీఫండ్ అడగొచ్చు, ఆ సౌకర్యం ఉంది, కానీ పాఠం కోసం దాన్ని వాడుకోవద్దు. ఏ చోట వదిలేసినారో ఆ చోటికి మళ్ళీ పోయి అరగంట ఆడండి. ఆడినాక "బాలేదు", "వేస్ట్", "బోరు", "పర్లేదు" అనే నాలుగు మాటలు వాడకుండా పది వాక్యాలు రాసి పంపండి. ఒక నట్టు తప్పకుండా ఉండాల. వచ్చిన వాటిల్లోంచి రెండు తీసుకొని 4వ పాఠంలో వాక్యం వాక్యం విడదీసి చూద్దాం, రాసినోళ్ళ పేర్లు బయటపెట్టను.