పాత చవక రివాల్వర్ కొనేముందు కౌంటర్ దగ్గరే చూసుకోవాల్సినవి

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ తుపాకుల షాపుకెళ్తే చార్టర్ ఆర్మ్స్, రోసీ, టారస్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ పాత రివాల్వర్లు స్మిత్ అండ్ వెసన్ కన్నా బాగా తక్కువకు దొరుకుతాయి. వీటిని ఏళ్ల తరబడి వాడినవాళ్లు పేరు కన్నా చేతిలో ఉన్న పీసునే చూడమంటారు. ఆ మాట నిజం. లోపల అరిగిపోయిన చవక రివాల్వర్‌ను గన్‌స్మిత్‌కిస్తే, కూలే దాని ఖరీదును దాటిపోవచ్చు.

చిన్న టార్చి, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), తెల్ల కాగితం ముక్క, స్నాప్ క్యాప్స్ (పేలని ఉత్తుత్తి తూటాలు) వెంట తీసుకెళ్లండి. సిలిండర్ తెరిచి తూటాలు పెట్టే గదులన్నీ ఖాళీ అని కళ్లతో చూసుకోండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కొచ్చా అని షాపువాళ్లను అడిగాకే మిగతా పని.

అన్నిటికన్నా ముఖ్యం టైమింగ్, అంటే ప్రతి గదీ సమయానికి బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి ఆగడం. గదుల్లో స్నాప్ క్యాప్స్ పెట్టి సిలిండర్ మూయండి. ఒక వేలితో సిలిండర్‌ను కొద్దిగా ఆనించిపట్టి, బొటనవేలితో హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ చివరికొచ్చి ఆగేలోపు సిలిండర్ టక్కుమని లాక్ అయిపోవాలి. హ్యామర్ ఆగాక కూడా సిలిండర్ ఇంకాస్త తిరగాల్సి ఉంటే, దాన్ని తిప్పే హ్యాండ్ అనే భాగం గానీ, ఖాళీ కేసులను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ వెనక పళ్లు గానీ అరిగాయన్నమాట. ఒక గదికి సరిగ్గా వచ్చి పక్కదానికి రాకపోవచ్చు కాబట్టి ప్రతి గదికీ చూడాలి. స్నాప్ క్యాప్స్ లేకుండా చూస్తే కొన్నిటిలో ఎక్స్‌ట్రాక్టర్ వదులుగా ఆడి, లేని తప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. టైమింగ్ నిజంగా తప్పితే గుండు బ్యారెల్ అంచును గీసుకుంటూ పోతుంది, సీసం తునకలు పక్కకు చిమ్మి పక్కనున్నవాళ్ల ముఖానికి తగులుతాయి. అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి.

హ్యామర్ ఎత్తి ఉంచి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో ముందుకు నెట్టండి. పడిపోయిందా, బేరం అక్కడితో సరి.

తర్వాత సిలిండర్‌ను ముందుకు నెట్టి ఒకసారి, వెనక్కి నెట్టి ఒకసారి బ్యారెల్‌కూ దానికీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు మామూలే. 0.25 దాటితే మంట, మసి ఎక్కువగా చిమ్ముతాయి. రెండు కొలతల తేడా 0.05 దాకా పర్వాలేదు, 0.12 దాటితే షిమ్‌లు (సన్నని వాషర్లు) వేయించాల్సిందే. ట్రిగ్గర్ నొక్కిపట్టినప్పుడు సిలిండర్ పక్కలకు కాస్త ఆడడం మాత్రం తప్పు కాదు. సిలిండర్ బిగుసుకుపోయి తిరుగుతుంటే భయపడేముందు ఎక్స్‌ట్రాక్టర్ కింద చూడండి: చాలాసార్లు అక్కడ ఇరుక్కున్న మందుపొడే కారణం.

బ్యారెల్ ఒక చివర తెల్ల కాగితం పెట్టి, దాని మీద టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి. లోపల నల్లటి వలయం కనిపిస్తే, ఎప్పుడో గుండు ఇరుక్కుని ఉండగా ఇంకోటి పేల్చి బ్యారెల్‌ను ఉబ్బించారని అర్థం. సిలిండర్ వైపున్న బ్యారెల్ నోటి దగ్గర, అల్యూమినియం ఫ్రేమ్ అయితే దాని కింద కూడా, పగుళ్లు వెతకండి. .22 రివాల్వర్లలో ఖాళీగా పేల్చి పేల్చి గదుల అంచులు సొట్టలు పడుతుంటాయి. అక్కడ తూటాలు దిగవు, ఖాళీ కేసులు ఊడిరావు. స్క్రూల తలలు చెడిపోయి ఉంటే ఇంట్లో ఎవరో విప్పారన్నమాట, ఇంకా జాగ్రత్తగా చూడండి.

విడిభాగాల సంగతీ తేల్చుకోండి. పాత హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ 1986లో మూతపడింది, దాని భాగాలకు పాత తుపాకులను విడదీసి అమ్మేవాళ్లే దిక్కు. జింకు మిశ్రమ ఫ్రేమున్న రోమ్ కంపెనీ ఆర్‌జీ రివాల్వర్లను పేల్చడానికి కొనొద్దు. పాత టాప్‌బ్రేక్‌ల (పైనుంచి విరిచినట్టు తెరుచుకునే రివాల్వర్ల) మీద .38 అని ఉంటే అది ఎక్కువగా .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకు చేసింది, .38 స్పెషల్ అందులో వాడకూడదు. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) కాలం పీసు అయితే అలమరలో పెట్టుకోవడానికే. తేలికపాటి పాత .38లలో ప్లస్-పీ (మామూలు కన్నా ఎక్కువ ప్రెషర్) తూటాలు వద్దు.

మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీదున్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ కొనకూడదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే కొనొచ్చు, అయినా రాష్ట్ర చట్టాలు వేరు. డీలరు ఇచ్చే ఫారం 4473లో తప్పు రాసినా, మీకోసం స్నేహితుడు తన పేరు మీద కొన్నా ఫెడరల్ నేరమే.

కొన్నాక శుభ్రం చేసి, మామూలు ప్రెషర్ తూటాలతో రేంజ్‌లో రెండు మూడు సిలిండర్లు పేల్చండి. కేసుల వెనక పిన్ గుర్తులు చూడండి. మధ్యలో కాక ఒక పక్కకు పడుతుంటే ఆ గది బ్యారెల్‌కు సరిగ్గా ఎదురు రాకపోతుండొచ్చు. షాపు రిటర్న్ గడువు అయిపోకముందే ఈ పరీక్ష పూర్తిచేయండి.