పాత మియాటాలో కొత్త తెర: ఫ్యాక్టరీ వైరు ఒక్కటి కూడా కోయకుండా టచ్‌స్క్రీన్ బిగించుకోవడం ఎలా?

నా కారు 2002 మోడల్ మాజ్దా మియాటా. రెండు సీట్లు, అయిదు గేర్లు, గుడ్డ టాపు. ఉండేది డాలస్ దగ్గర. కారులో ఉన్న సీడీ స్టీరియోకి బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ లేదు. దారి చూసుకోవాలంటే ఫోన్‌ను ఏసీ వెంటుకు తగిలించాల్సిందే. జూలై ఎండలో టాపు తెరిచి వెళ్తే ఫోన్ వేడెక్కి, సరిగ్గా హైవే ఎగ్జిట్ రాబోయే ముందు ఆరిపోయేది. చివరికి ఫోన్‌లోని మ్యాపులు, పాటలు కారు తెర మీద చూపించే ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో రెండూ ఉన్న టచ్‌స్క్రీన్ నేనే బిగించుకున్నాను. రెండు శనివారాలు పట్టింది. ఆ పని ఎలా చేయాలో చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ మార్పు చేసినా, కావాలనుకున్న రోజు గంటలో మళ్లీ పాత స్థితికి తేగలగాలి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ కోయకూడదు, ఫ్యాక్టరీ ప్లగ్గు తెంచకూడదు. మియాటా మొదటిసారి జనం ముందుకు వచ్చింది 1989లో షికాగో ఆటో షోలో. నా కారు రెండో తరానిది, దాన్ని ఎన్‌బీ అంటారు. 2005తో ఆ తరం ఆగిపోయింది. చెయ్యి పడని డాష్‌బోర్డు ఉన్న ఎన్‌బీలు ఏటేటా తగ్గిపోతున్నాయి. మన చేతిలో ఉన్నదాన్ని పాడుచేయకుండా ఉంచడం మన బాధ్యతేనని నా అభిప్రాయం.

ముందు కొలతలు, తర్వాతే కొనుగోలు

స్టీరియో పట్టే ఖాళీకి ప్రపంచమంతటా రెండు ప్రామాణిక కొలతలున్నాయి. 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉంటే సింగిల్ డిన్. అదే వెడల్పుతో 100 మి.మీ. ఎత్తు ఉంటే డబుల్ డిన్. మియాటాలో ఉన్నది డబుల్ డిన్ ఖాళీ. ఇది పెద్ద అదృష్టం, ఎందుకంటే 6.8 అంగుళాల తెర ఉన్న మామూలు సెట్లు అందులో చక్కగా కూర్చుంటాయి.

ముందుకు పొడుచుకొచ్చే 9, 10 అంగుళాల తెరలు చూడగానే మనసు లాగేస్తాయి. ఈ కారుకు మాత్రం వద్దు. 1, 3, 5 గేర్లు వేసినప్పుడు లివరు డాష్‌బోర్డు వైపు వస్తుంది. కొనేముందు తెర సైజులో అట్టముక్క కత్తిరించి, స్టీరియో మీద టేపుతో అంటించి, ఇంజిన్ ఆపి ఉంచి క్లచ్ తొక్కి ఆ మూడు గేర్లూ వేసి చూడండి. వేళ్ల కణుపులు అట్టకు తగిలాయంటే ఆ సెట్టు మీకు పనికిరాదు. గేర్లు మార్చడంలో ఉన్న ఆనందం కోసమే కదా ఈ కారు కొనుక్కున్నాం! ఏసీ గుండీలు, వెంట్లు, హజార్డ్ స్విచ్చు తెర వెనక దాక్కోకుండా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

కొనేటప్పుడు ఇంకో మూడు విషయాలు చూడాలి. లోతు సంగతి మొదట. సీడీ డ్రైవ్ లేని సెట్లు పొట్టిగా ఉంటాయి కాబట్టి వైర్లు మడుచుకోవడానికి వెనక చోటు మిగులుతుంది. రెండోది తెర వెలుతురు. టాపు తీసినప్పుడు నడినెత్తి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. షాపు లోపల లైట్ల కింద ప్రతి తెరా బాగానే కనిపిస్తుంది, వీలైతే బయటికి తెచ్చి ఎండలో చూడండి. మెరిసే గాజు కంటే మెరుపు తక్కువున్న తెర నయం. నేను పైన మ్యాట్ ఫిల్మ్ అంటించాను, చాలా తేడా వచ్చింది. మూడోది, వాల్యూమ్‌కు తిప్పే గుండీ గానీ నొక్కే బటన్ గానీ విడిగా ఉండాలి. గతుకుల రోడ్డు మీద తెరపై గీత జరిపి శబ్దం తగ్గించాలంటే చూపు రోడ్డు మీద నుంచి పక్కకు పోతుంది.

సెట్టుతో పాటు మీ మోడల్ సంవత్సరానికి సరిపోయే వైరింగ్ హార్నెస్ అడాప్టర్ (కారు ప్లగ్గును కొత్త సెట్టు వైర్లకు కలిపే ముక్క), బిగించే కిట్టు, అవసరమైతే యాంటెనా అడాప్టర్ కొనండి. కారులో బోస్ కంపెనీ ఆడియో సిస్టమ్ ఉంటే, శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ విడిగా ఉంటుంది, దానికి తగిన హార్నెస్సే అడగండి. మామూలు అడాప్టర్‌తో బిగిస్తే శబ్దం రాకపోవచ్చు, వచ్చినా సరిగ్గా రాదు.

వైర్లు కారులో కాదు, బల్ల మీద కలపండి

ఈ పనిలో సగం మంది టెన్షన్ పడేది వైర్ల దగ్గరే. హార్నెస్ అడాప్టర్ ఉంటే కారు వైర్లను ముట్టుకోవాల్సిన పనే లేదు. అడాప్టర్ ఒక చివర కారు ప్లగ్గులో దూరుతుంది, రెండో చివర వైర్లను కొత్త సెట్టు వైర్లతో కలపాలి. అది ఇంట్లో బల్ల మీద, ఫ్యాన్ కింద కూర్చుని చేసుకునే పని.

పేరున్న కంపెనీల సెట్లన్నిటిలో రంగులు దాదాపు ఒకటే. పసుపు వైరులో ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి అదే ఆధారం. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. నలుపు ఎర్త్. నారింజ హెడ్‌లైట్లతో పాటు తెర వెలుతురు తగ్గించేది. ముందు ఎడమ స్పీకరు తెలుపు, కుడిది బూడిద రంగు. వెనక ఎడమ ఆకుపచ్చ, కుడి ఊదా. ఒక్కో స్పీకరుకు రెండు వైర్లుంటాయి, నల్ల చార ఉన్నది నెగటివ్. ఇక నీలం వైర్లు రెండు వస్తాయి, ఇక్కడ చాలామంది పొరపడతారు. పూర్తి నీలం పవర్ యాంటెనాకు (రేడియో పెట్టినప్పుడు మోటారుతో పైకి లేచే కడ్డీకి), నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయర్‌కు. పవర్ యాంటెనా ఉన్న మియాటాలో ఈ రెండూ తారుమారైతే, మీరు ఫోన్ నుంచి పాటలు వింటున్నా వెనక యాంటెనా కడ్డీ పైకి లేచే ఉంటుంది.

రంగులు ఒకటే అయినా, సెట్టుతో వచ్చిన కాగితంతో ఒక్కో వైరూ సరిచూసుకున్నాకే కలపండి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం వద్దు. ఎండలో నిలిపిన కారులో టేపు జిగురు కరిగి జారిపోతుంది. వైర్లను నొక్కి పట్టుకునే క్రింప్ కనెక్టర్లు వాడండి, లేదా సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) వేయండి.

హ్యాండ్ బ్రేక్‌కు కలపాల్సిన వైరు కూడా ఒకటుంటుంది. బండి కదులుతుంటే వీడియో కనిపించకుండా ఆపేది అదే. దాన్ని ఎర్త్‌కు కలిపేసి మోసం చేయమనే సలహాలు చాలా వింటారు. చేయకండి. హ్యాండ్ బ్రేక్ స్విచ్చు సీట్ల మధ్యే ఉంది, అక్కడిదాకా వైరు లాగడం పెద్ద పనేం కాదు.

పాత ప్లగ్గు ఎవరో కోసేసి ఉంటే

నా కారు సరిగ్గా ఇలాగే దొరికింది. నాకంటే ముందు ఎవరో ఓ షాపులో స్టీరియో మార్పించినప్పుడు ఫ్యాక్టరీ ప్లగ్గు తెంపేసి, పది పన్నెండు వైర్లను అలాగే చుట్టలు చుట్టి వదిలేశారు. మొదటి శనివారమంతా వాటిని గుర్తుపట్టడానికే పోయింది. మీకూ అదే ఎదురైతే భయపడొద్దు, వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి చాలు.

బ్యాటరీ కలిపి, తాళం తీసేసి, మీటరు నల్ల కడ్డీని డాష్ కింద పెయింటు లేని లోహానికి ఆనించండి. వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి పెట్టుకోండి. 12 వోల్టులు చూపే వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది. తాళం యాక్సెసరీకి (ఇంజిన్ స్టార్ట్ కాకుండా రేడియో పనిచేసే స్థానానికి) తిప్పాక కొత్తగా మేలుకున్నది ఎరుపుకు కలపాల్సింది. పార్కింగ్ లైట్లు వేస్తే మేలుకునేది నారింజకు. ఎర్త్ వైరును రెసిస్టెన్స్ కొలతలో సున్నా దగ్గర చూపడాన్ని బట్టి పట్టుకోవచ్చు.

స్పీకర్లకు మామూలు డబుల్ ఏ బ్యాటరీ ఒకటి తీసుకోండి. జత అనుకున్న రెండు వైర్లను దాని రెండు కొసలకు అర సెకను తాకించండి. సరైన జతైతే ఏదో ఒక తలుపులో టప్ మని వినిపిస్తుంది. స్పీకరు కాగితం బయటికి ఉబికితే బ్యాటరీ ప్లస్‌కు తాకినదే పాజిటివ్. లోపలికి పోతే తిరగేసి రాసుకోండి. ఇది చిన్న విషయంగా తీసేయొద్దు. ఒక స్పీకరు తిరగబడి ఉంటే డప్పు, తబలా లాంటి మంద్రపు శబ్దాలన్నీ పలచబడిపోతాయి. బోస్ యాంప్లిఫయర్ ఉన్న కారులో మాత్రం ఈ బ్యాటరీ పరీక్ష చేయకండి.

ప్రతి వైరుకూ కాగితం చీటీ కట్టి, కారు వైపు ప్లగ్గు కొత్తది కొని పెట్టాను. అవి దొరుకుతాయి, రివర్స్ హార్నెస్ అని అడగాలి. ఇప్పుడు నా కారుకు మళ్లీ ఫ్యాక్టరీ ప్లగ్గు ఉంది. తెర పెట్టినదానికంటే ఆ పనే నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

డాష్ విప్పడం

మియాటా బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డిక్కీలో కుడివైపున ఉంటుంది. 10 ఎంఎం పానాతో నెగటివ్ తీగ ఊడదీసి, కనీసం పది నిమిషాలు ఆగండి. ఎయిర్ బ్యాగ్ ఉన్న ఏ కారులోనైనా ఈ ఆగడం తప్పనిసరి.

పాత స్టీరియో ముఖానికి పక్కల్లో చిన్న రంధ్రాలుంటే పని సులువు. యూ ఆకారపు తీసే కడ్డీలు రెండు దూర్చి, బయటికి కాస్త విడదీస్తూ లాగితే సెట్టు జారి వస్తుంది. అలా లేకపోతే మధ్య ప్యానెలే తీయాలి. గేర్ నాబ్ మర తిప్పి తీయండి, కన్సోల్ స్క్రూలు విప్పి పైకెత్తండి. పైనున్న రెండు గుండ్రటి వెంట్లను ప్లాస్టిక్ పనిముట్టుతో మెల్లగా పెకలిస్తే వాటి వెనక స్క్రూలు కనిపిస్తాయి. కింద పక్కలకు మరికొన్ని ఉంటాయి. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ ఇది, చలిలో విప్పితే పెళుసుగా విరుగుతుంది. ఎండలో కాసేపు నిలిపి వెచ్చబడ్డాక పట్టుకోండి. ఎక్కడ బలం పెట్టాల్సి వస్తోందో అక్కడ ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం. తీసిన స్క్రూలను చోటును బట్టి విడివిడి కవర్లలో వేసి పేరు రాయండి.

మైకు, జీపీఎస్, కెమెరా

మామూలు కారులో మైకును అద్దం పైన పెడతారు. టాపు తీసే కారులో అక్కడ గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. మొదట నేను అక్కడే పెట్టాను, ఫోన్‌లో అవతల ఉన్న అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. స్టీరింగ్ కాలమ్ మీద, చక్రం వెనకకు మార్చాక 40 మైళ్ల వేగంలో కూడా మాట్లాడగలుగుతున్నాను.

జీపీఎస్ యాంటెనా ఉంటే డాష్ పైతొడుగు కింద, ఆకాశం వైపు చూసేలా అంటించండి. ప్లాస్టిక్ అడ్డం కాదు, లోహం అడ్డం. యూఎస్‌బీ తీగను గ్లవ్ బాక్సులోకి లాగండి, ఫోన్ నీడలో ఉంటుంది. నా మొదటి సమస్య అలాగే తీరింది.

అమెరికాలో 2018 మే నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు. టాపు వేసిన మియాటాలో వెనక మూలలు కనపడవు కాబట్టి, తెర ఎలాగూ పెడుతున్నప్పుడు కెమెరా కూడా పెట్టేయండి. నంబరు ప్లేటు పైన బిగించి, కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకోవాలి. వీడియో తీగను డిక్కీ నుంచి సీట్ల వెనకగా, తలుపు గడప కార్పెట్ కింద నుంచి ముందుకు తెచ్చుకోవాలి. లోహపు రంధ్రం గుండా పోయే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) ఉండాలి. లేకపోతే అంచుకు రాసుకుని తీగ తెగుతుంది.

బిగించే ముందు పరీక్ష

ప్యానెళ్లు మూసేయకుండా, సెట్టును ఒడిలో గుడ్డ మీద పెట్టుకుని బ్యాటరీ కలపండి. ఏదీ వెలగకపోతే ముందు పసుపు వైరు ఫ్యూజు చూడండి. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి జరిపి స్పీకర్లు తారుమారు కాలేదని చూసుకోండి. హెడ్‌లైట్లు వేస్తే తెర మసకబారాలి. రివర్స్ వేస్తే కెమెరా రావాలి. తాళం తీసి పెట్టినా సెట్టింగులు నిలవాలి. అవి చెరిగిపోతుంటే పసుపు, ఎరుపు తారుమారైనట్టే. అన్నీ సరిపోయాక బ్యాటరీ మళ్లీ ఊడదీసి, వైర్ల కట్టకు గుడ్డ టేపు చుట్టి సెట్టును లోపలికి తోయండి. చుట్టకపోతే గతుకుల్లో ప్లాస్టిక్‌కు కొట్టుకుని టకటకమంటుంది.

పోర్షే 986 బాక్స్‌టర్, 996 లాంటి కార్లు ఉన్నవాళ్లకు దారి వేరు. 2003 మోడల్ నుంచి వాటిలో ఆడియో మోస్ట్ అనే ఆప్టికల్ తీగల మీద నడుస్తుంది, పైన చెప్పిన రంగుల లెక్క అక్కడ చాలదు. పీసీఎం (ఫ్యాక్టరీలోనే బిగించిన తెర, ఆడియో సిస్టమ్) ఉన్న ఆ కార్ల కోసం, పోర్షే కంపెనీలో పాత కార్లను చూసే క్లాసిక్ విభాగమే 2020లో 7 అంగుళాల తెరతో పీసీసీఎం ప్లస్ అనే సెట్టు తెచ్చింది. ఖరీదెక్కువైనా డాష్‌లో మొదటి నుంచీ ఉన్నట్టే కలిసిపోతుంది. నా దగ్గర ఆ కారుంటే అదే కొంటాను.

ఆఖరి పని వారం తర్వాత. మియాటా బ్యాటరీ చిన్నది, కారు రోజూ బయటికి రాదు. కారు ఆపి, తలుపులు మూసి, అరగంట ఆగాక నెగటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరు పెట్టి ఎంత కరెంటు పోతోందో కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే సరే. నాకు మొదట ఎక్కువ చూపించింది. కెమెరా కరెంటును రివర్స్ లైటుకు కాకుండా ఎప్పుడూ 12 వోల్టులుండే వైరుకు కలిపానని అప్పుడు తెలిసింది. మార్చాక 22కి దిగింది. పాత సీడీ స్టీరియో, దాని బ్రాకెట్లు, ప్రతి వైరు రంగూ రాసుకున్న కాగితం ఒకే డబ్బాలో పెట్టి గరాజ్ అటకెక్కించాను. కారు ఎవరికైనా ఇచ్చే రోజు వస్తే ఆ డబ్బా కూడా దానితోనే వెళ్తుంది.